తేనెటీగలకు వినపడనంత దూరం

సరిహద్దు దాటి లాత్వియాలో బౌస్కా చేరేసరికి రాపోలస్ రేడియో కట్టేశాడు. కారు వెనక సీటు మడిచి, దుప్పటి పరిచి, తాళ్ళతో బిగించిన తేనెపెట్టె నుంచి వచ్చే రొద ఒక్కటే వినాలనుకున్నాడు. రొద సన్నగా, ఒక్క తీరుగా ఉంటే భయం లేదు. హెచ్చిందంటే లోపల వేడెక్కుతున్నట్టు. ఇక ఆగిపోతే ఏమిటన్నది అతను ఆలోచించదలచుకోలేదు.

పక్కసీట్లో దంగువోలె కీర దోసకాయ చెక్కు తీస్తోంది. చనిపోయిన అతని భార్య ఎల్వీరాకి చెల్లెలు, అంటే రాపోలస్‌కి మరదలు. ఆమెకీ అరవై దాటాయి.

"బావా, నీ మెడ అలా వెనక్కే తిరిగి ఉంటే మనం ఎస్తోనియా వెళ్ళం. ఆ గడ్డివాములోకి వెళ్తాం," అంది ఎంతో మెత్తగా.

"రోడ్డు చూస్తూనే ఉన్నా."

"ఏ రోడ్డు? వెనక వదిలేసిన రోడ్డా?"

అదీ మెత్తగానే అంది. తమ ఊరు కెదాయ్నేయ్‌లో తెల్లవారుజామున కారెక్కిన దగ్గర్నుంచీ ఆమె నోట ఒక్క గట్టిమాట రాలేదు. ఆమెకు కోపం లేక కాదు, వెనకాల ఈగలున్నాయని. తేనెటీగల ముందు గొంతు పెంచకూడదు. పోట్లాట వింటే అవి ఆ ఇంటిని నమ్ముకుని ఉండవని వాళ్ళ వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. రాపోలస్ ముప్పై ఏళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాడు. ఈగలకి మన మాటలు పట్టవని అతనికి తెలుసు. తెలిసినా, ఎల్వీరా బతికున్నన్నాళ్ళూ పెట్టెల దగ్గర గట్టిగా తుమ్మి ఎరగడు.

ఎల్వీరాకి ఈ ఈగల్ని ఇచ్చింది ఎస్తోనియాలో విల్యాండి ఊరి లేయిదా. చాలా ఏళ్ళ కిందట పాటల పండుగలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మర్నాడు లేయిదా ఒక గుంపును బుట్టలో పట్టి ఇచ్చి పంపింది. ఈగల్ని అమ్మరు, కొనరు. ఒకరు ఇస్తారు, ఒకరు పుచ్చుకుంటారు. అక్కడితో ఆ ఇద్దరూ చుట్టాలైపోతారు. ఆ చుట్టరికంలో మాట పట్టింపులుండవు. లేయిదా ఎల్వీరాకి అక్క అయింది, రాపోలస్‌కి వదినగారు అయింది.

"నాకు మాత్రం ఏమీ కాదు," అనేది దంగువోలె. "సొంత చెల్లెల్ని నేనుండగా, సరస్సు పక్కన ఎక్కడిదో ఒక అక్క."

ఎల్వీరా పోయిన శరదృతువులో కన్నుమూసింది. ఆ చలికాలం లేయిదా పెట్టెలన్నీ ఒక్కటి మిగలకుండా మూగబోయాయి. రాపోలస్ దగ్గర మూడుంటే మంచు కరిగేసరికి ఒకటి మిగిలింది. ఆ ఒక్కటీ తన దగ్గరుంటే వచ్చే చలికాలం దాటదని అతనికి గట్టిగా అనిపించింది. ఈసారి పోగొట్టుకున్నా, ఏళ్ళ తరబడి ఈగల్ని బతికించుకున్న లేయిదా చేతిలో అయితే దాటుతుంది. పైగా ఈ రాణి లేయిదా ఇచ్చిన ఆ మొదటి రాణికి మునిమనవరాలి మునిమనవరాలు. పుట్టింటికి తిరిగి వెళ్ళినట్టు ఉంటుంది. ఈ సంగతి చెప్పినప్పుడు దంగువోలె తన కుండీలకి నీళ్ళు పోస్తూనే ఉంది. బయలుదేరే రోజు మాత్రం సంచీ పుచ్చుకుని గేటు దగ్గర నిలబడింది. "కాపలాకి వస్తున్నా," అంది. ఎవరికి కాపలా అన్నది చెప్పలేదు.

రీగా పొలిమేరలో రోడ్డు తవ్వేశారు. లారీల మధ్య కారు ఇరుక్కుపోయింది. ఎండ అద్దాల మీద నిలబడింది. కారు కదలని ప్రతి నిమిషం రొద కొంచెం కొంచెంగా లేచి, పొయ్యి మీద పెట్టిన నీళ్ళ చప్పుడులా మారింది. రాపోలస్ దిగి, వెనక తలుపెత్తి, పెట్టె పైనున్న జాలీ మీద నీళ్ళు చిలకరించాడు. తొందరలో సగం నీళ్ళు చొక్కా మీదే పడ్డాయి. పక్కనున్న లారీ డ్రైవరు తొంగిచూసి, ఏమీ అడక్కుండానే తన బండి రెండు గజాలు ముందుకి జరిపాడు. లారీ నీడ కారు మీద పడింది. రాపోలస్ చెయ్యెత్తి దండం పెట్టబోయేసరికి అతను అప్పుడే తన ఫోనులో తలదూర్చేశాడు.

సిగుల్దా దాటాక పైన్ అడవి వచ్చింది. రొద తగ్గింది. అయినా రాపోలస్ వేళ్ళు స్టీరింగు మీద సడలలేదు.

"ఎండ తగ్గేదాకా త్సేసిస్‌లో ఆగుదాం," అన్నాడు. "అక్కడ కోట కింద పెద్ద లిండెన్ చెట్లున్నాయి. రెండు గంటలు నీడలో ఉంటే చల్లబడతారు. తర్వాత సాయంత్రం చల్లదనంలో విల్యాండి."

వాళ్ళ ఊళ్ళో తేనెటీగల్ని మనుషుల్లాగే చెప్పుకుంటారు. గొడ్డు చస్తుంది, కుక్క చస్తుంది. తేనెటీగలు మాత్రం 'పోతారు.'

కోట గోడ కింద మంచి నీడ దొరికింది. ఒక వైపు లిండెన్ కొమ్మలు, ఇంకో వైపు యాత్రికుల వ్యాను. కారు అద్దాలన్నీ దించి, వెనక తలుపు జానెడు ఎత్తి, కర్ర ఆనించాడు. రొద సన్నగా, నిద్రపోతున్నట్టుగా ఉంది. రాపోలస్ ఇవాళ మొదటిసారి వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"బావా," అంది దంగువోలె, పసిపిల్లని జోకొట్టే గొంతుతో. "అక్క గౌన్లు ఎవరికిచ్చావు?"

"చర్చికి."

"ఆ నీలం శాలువా?"

"అదీ వాటితోనే వెళ్ళింది."

"ఓహో." ఆమె రొట్టెముక్కలు ఒళ్ళో నుంచి దులుపుకుంది. "దిగు బావా."

"ఎందుకు?"

"నీతో పోట్లాడాలి. ఇక్కడ కుదరదు. ఆ గోడ అవతలికి నడు, వాళ్ళకి వినపడనంత దూరం."

గోడ అవతల పార్కు, మెట్లు, కింద చెరువు. ఆమె ముందు, అతను వెనక. చెరువు దాకా నడిచారు. అక్కడికీ చాలదనిపించిందేమో, చెరువు అవతలి గట్టుకి కూడా వెళ్ళారు. అక్కడ దంగువోలె ఆగి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.

"శాలువా ఇచ్చేశావు. గౌన్లు ఇచ్చేశావు. మిగిలిన ఒక్క పెట్టె కూడా ఆ ఎస్తోనియా ఆవిడకి. ఇంకేం మిగిల్చావయ్యా మా అక్కది? ఒక్కమాట నన్ను అడగాలనిపించలేదా?"

"నీకు ఈగలెందుకు? నీ కుండీల్లో జెరేనియం కూడా బతకదు."

"నీ చేతిలో ఏం బతికింది? మూడు పెట్టెల్లో రెండు పెట్టెలవాళ్ళు పోయారు."

ఆ మాట నోరు దాటాక ఆమే చేత్తో మూతి నొక్కుకుంది. చెరువులో బాతులు దూరంగా జరిగాయి. రాపోలస్ బెంచీ మీద కూర్చున్నాడు.

"మూత తీయడం మీ అక్క పని," అన్నాడు. "నేను పక్కన పొగడబ్బా పట్టుకుని నిలబడేవాణ్ణి. చలికాలమంతా రోజూ వెళ్ళి చెక్కకి చెవి ఆనించి విన్నాను. రొద ఉంది కదా, బాగానే ఉన్నారనుకున్నాను. తిండి అయిపోయిందని ఎలా తెలుస్తుంది నాకు? మూత తీస్తే తెలిసేది. తీయలేకపోయాను దంగూ. మూత దాకా చెయ్యి వెళ్ళేది, అక్కడే ఆగిపోయేది."

దంగువోలె పక్కన కూర్చుంది. తర్వాత, "ఆ శాలువా చిరిగిపోయింది కూడానూ," అంది. "అంచు దగ్గర నేనే కుట్టాను. ఎవరు కప్పుకుంటారో ఏమో." ఏడ్చింది. అతను జేబు రుమాలు ఇచ్చాడు. ఆమె ముక్కు చీది, "ఇదైనా ఉతికావా?" అని అడిగింది. అతను నవ్వాడు. ఇద్దరూ అలా ఎంతసేపు కూర్చున్నారో తెలియలేదు. కొన్ని నెలలుగా అంత తేలిగ్గా ఎక్కడా కూర్చోలేదు రాపోలస్.

తన బూటు మీద ఎండ పడుతోందని మొదట చూసింది అతనే. వచ్చినప్పుడు ఆ బెంచీ మొత్తం నీడలో ఉంది.

ఇక్కడ నీడ జరిగిందంటే కారు మీద కూడా జరిగి ఉంటుంది. లేచి నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. మెట్ల దగ్గర కాలు జారింది. అయినా ఆగలేదు. వెనక దంగువోలె చెప్పులు చేత్తో పట్టుకుని వస్తోంది.

వ్యాను వెళ్ళిపోయింది. లిండెన్ నీడ గోడ మూలకి జరిగిపోయింది. నడుమ కారు నిండు ఎండలో మెరుస్తోంది. ఇరవై గజాల అవతల నుంచే రొద వినిపించింది. అది రొద కాదు, పెద్ద గుంపు ఒక్కసారిగా కేకలు పెడుతున్నట్టు ఉంది. అతను తలుపు పట్టుకునేలోగా ఆ చప్పుడు సగానికి పడిపోయింది. పెట్టె అడుగు నుంచి తేనె కారి, దుప్పటి తడిసి, కారు నేల మీదికి దిగుతోంది. లోపల మైనం మెత్తబడి తేనెపట్లు కూలిపోయాయి.

"నీళ్ళు," అన్నాడు. "దంగూ, నీళ్ళు."

కోట ద్వారం దగ్గర పువ్వులమ్మే ఒకామె వీళ్ళని చూసింది. లాత్వియా మనిషి, యాభై ఏళ్ళుంటాయి, నడుముకి ఏప్రను. భాష అడగలేదు, సంగతీ అడగలేదు. పువ్వుల బకెట్లో నుంచి గుత్తులు తీసి నేల మీద పడేసి, బకెట్ ఎత్తుకుని వచ్చేసింది. ఆ నీళ్ళలో గోనెపట్టా ముంచి పెట్టె మీద కప్పింది. టిక్కెట్లు చింపే ఇద్దరు మనుషుల్ని పిలిస్తే వాళ్ళొచ్చి పెట్టెను పట్టుకుని గోడ నీడలోకి మోశారు. తర్వాత ఆమె తన కొట్టు మీది పెద్ద గొడుగు పెరికి తెచ్చి పెట్టె పక్కన పాతింది. ఆమె పియోనీలు, కార్న్‌ఫ్లవర్లు అలా ఎండలోనే పడి ఉన్నాయి.

"మీ పువ్వులు," అన్నాడు రాపోలస్ వచ్చీరాని రష్యన్‌లో.

"అవి ఎలాగూ కోసినవే," అందామె. "మీరు వాళ్ళని చూసుకోండి."

అక్కడ మూత తీయడానికి లేదు. తీస్తే ఈగలు చెల్లాచెదురవుతాయి, చుట్టూ యాత్రికులున్నారు. చల్లబరచాలి, కాచుకోవాలి. రాపోలస్ నేల మీద మోకరిల్లి తడి చెక్కకి చెవి ఆనించాడు.

"ఉన్నారా?" అంది దంగువోలె.

అతను వేలెత్తాడు, ఉండమన్నట్టు. లోపల ఎక్కడో లోతున సన్నగా ఒక దారం లాగినట్టు వినిపించింది.

"ఉన్నారు. కొందరు."

"ఆవిడ?"

రాణి సంగతి. రాణి పోతే మిగిలినవాళ్ళు నాలుగు వారాలు ఉంటారేమో. ఇంకో రాణిని తెచ్చి పెట్టొచ్చు. అప్పుడు వేసవి అయిపోయేసరికి పెట్టెలో ఒక్కరూ ఎల్వీరా వాళ్ళు ఉండరు. అందరూ ఆ కొత్త రాణి పిల్లలే అవుతారు.

"తెలీదు," అన్నాడు.

*

సూర్యుడు గోడ దిగాక బయలుదేరారు. ఈసారి దంగువోలె వెనకే కూర్చుంది, పెట్టె పక్కన కాళ్ళు మడిచి ముడుచుకుని, దాని మీద చెయ్యి వేసి. రోడ్డులో ప్రతి గుంటకీ రాపోలస్ నడుము బిగుసుకునేది. కూలిన పట్లు ఇంకా కూలుతాయి.

"నెమ్మదిగా బావా."

"నెమ్మదిగానే."

"ఆ సైకిలాయన మనల్ని దాటి వెళ్ళిపోయాడు. ఇంత నెమ్మది అక్కర్లేదు."

వల్కాలో లాత్వియా అయిపోతుంది. అదే వీధిలో వల్గా అని ఎస్తోనియా మొదలవుతుంది. మధ్యలో చిన్న కాలువ, రంగులు వేసిన ఒక సరిహద్దు కొయ్య. అవతలి పక్కన ఒక యువ పోలీసు చెయ్యి చూపించి ఆపాడు. పశువైద్యుడి కాగితం తీస్తుంటే రాపోలస్ చేతికి తేనె అంటి కాగితం వేళ్ళకే అతుక్కుపోయింది. పోలీసు వెనక అద్దంలోంచి చూశాడు. జుట్టు చెదిరిన ముసలావిడ, మోచేతుల దాకా తేనె, తడి గోనెపట్టా కప్పిన పెట్టె.

"అందులో ఏముంది?"

"చుట్టాలు," అంది దంగువోలె.

అతను కాగితం చదివాడు. ఒకసారి వంగి పెట్టె వైపు చెవి పెట్టాడు. "మెల్లగా వెళ్ళండి," అని చెప్పి, ఎదురుగా వస్తున్న లారీని ఆపి వాళ్ళకి దారి ఇచ్చాడు.

విల్యాండిలో లేయిదా గేటు దగ్గరే ఉంది. ఎత్తైన మనిషి, డెబ్బై దాటినా నిటారుగా ఉంటుంది, కాళ్ళకి రబ్బరు బూట్లు. చేతిలో పొగడబ్బా అప్పటికే రాజుకుని ఉంది. జూన్ సాయంత్రం, సరస్సు మీద వెలుతురు ఇంకా పోలేదు. ఆమె పలకరింపులకి ఆగలేదు. పెట్టె దగ్గరికి వంగి విని, అడుగున కారిన తేనె చూసి, "ఎప్పుడు?" అంది.

"మధ్యాహ్నం, వదినగారూ. మేమిద్దరం కాసేపు..."

"అది తర్వాత. ముందు దించండి."

ఆపిల్ చెట్ల మధ్య ఖాళీ పీట మీద పెట్టె దించారు. ఆమె మూత తీసింది. పొగ రెండుసార్లు ఊదింది. మధ్యలో మూడు పట్లు విరిగి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పట్లు నిలిచిన పక్క చట్రాల మీద మాత్రం గుంపులు గుంపులుగా ఈగలు అతుక్కుని ఉన్నాయి. లేయిదా ఒక్కో చట్రం ఎత్తి, రెండు వైపులా తిప్పి, అంగుళం అంగుళం చూసి పక్కకి పెట్టింది. చివరి చట్రం కూడా అయింది.

"లేదు," అంది లేయిదా. "సగం మంది ఉన్నారు. ఆమె కనిపించలేదు."

అడుగున పేరుకున్న కుప్పని, తేనే మైనం ఈగలూ కలిసిన ముద్దని, ఒక రేకు పళ్ళెంలోకి గీకి రాపోలస్ చేతికిచ్చింది. "వీళ్ళని పూడ్చాలి. చెట్టు కింద."

దంగువోలె పార తీసుకుని గుంట తవ్వడం మొదలుపెట్టింది. రాపోలస్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గడ్డి మీద కూర్చున్నాడు. గుంటలోకి వంచేస్తే అయిపోతుంది. వంచలేకపోయాడు. ముద్దగా పూడ్చడం అతనికి నచ్చలేదు. ఒక గడ్డిపరక తుంచి, ఒక్కొక్కరినీ మైనం నుంచి విడదీసి ఆకు మీద వరసగా పెట్టసాగాడు.

"బావా, ఇలా అయితే మంచు పడుతుంది మనం లేచేసరికి," అంది దంగువోలె, పార మీద ఆనుకుని.

అతను ఇంకొకరిని ఆకు మీదికి చేర్చాడు. ఆకు మీద పెట్టిన ఒక ఈగ కాలు కదిలింది. గాలికేమో అనుకున్నాడు. మళ్ళీ కదిలింది.

"వదినగారూ."

లేయిదా వచ్చి చూసింది. ఆ ఈగని పెట్టె గుమ్మం చెక్క మీద పెట్టింది. లోపలి నుంచి ఇద్దరు బయటికొచ్చి దాని చుట్టూ తిరిగి నాకడం మొదలుపెట్టారు. రెక్కల మీది తేనె, కాళ్ళ మీది తేనె, కళ్ళ మీది తేనె. కాసేపటికి అది తూలుతూ లేచి లోపలికి నడిచింది.

రాపోలస్ గడ్డిపరక మళ్ళీ అందుకున్నాడు. పళ్ళెం మీదికి వంగాడు. ఇంకొకటి తీశాడు, ఇంకొకటి. చాలామంది కదల్లేదు. కొందరు కదిలారు. కళ్ళద్దాల మీద తేనె అంటితే తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక మైనం ముక్క ఎత్తితే దాని కింద కొంచెం పొడుగ్గా, రెక్కలు పొట్టిగా ఉన్నదొకటి కనిపించింది. ఒంటి నిండా తేనె. అసలు కదలడం లేదు.

"ఇది వేరేగా ఉంది," అన్నాడు.

లేయిదా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి దగ్గరగా చూసింది. "కదలకు. ఊపిరి కూడా గట్టిగా వదలకు," అంది. జేబులోంచి బాతు ఈక తీసి, దాని అంచుతో రాణిని ఎత్తి, గుమ్మం చెక్క మీద దించింది.

ఎవరూ రాలేదు. దంగువోలె గడ్డి మీద బోర్లా పడుకుని, గడ్డం చెక్క అంచుకి ఆనించి చూస్తోంది. "రావే తల్లీ," అని గొణుగుతోంది. "రండమ్మా, మీ అమ్మ వచ్చింది."

"వాసన పోయి ఉంటే గుర్తుపట్టరు," అంది లేయిదా గుసగుసగా. "పరాయిదనుకుంటే మీద పడి చంపేస్తారు."

ఒక ఈగ వచ్చింది. రాణి చుట్టూ తిరిగింది. ఆగింది. రాపోలస్ రెండు చేతులా గడ్డిని పట్టుకున్నాడు. ఆ ఈగ తల వంచి, మీసాలతో తాకి, తాకి, నాలుక చాచి నాకింది. రెండోది వచ్చింది. తర్వాత గబగబా పదీ ఇరవై మంది బయటికొచ్చి చుట్టూ మూగారు. రాణి కనిపించకుండా పోయింది. నాకుతున్నారో, చంపుతున్నారో తెలియడం లేదు. సరస్సు అవతల ఎవరో పడవ కట్టేస్తున్న చప్పుడు వినిపించింది.

గుంపు మధ్యలో చిన్న ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో రాణి కాళ్ళ మీద నిలబడి ఉంది. ఒక రెక్క ఇంకా వీపుకి అతుక్కునే ఉంది. వాళ్ళు ముందూ వెనకా తప్పుకుని దారి ఇస్తుంటే నెమ్మదిగా, కొంచెం పక్కకి ఒరిగి నడుస్తూ చీకటి గుమ్మంలోకి వెళ్ళింది. గుమ్మం మీద మిగిలినవాళ్ళు తోకలు పైకెత్తి రెక్కలు ఆడించడం మొదలుపెట్టారు. చెట్ల మీదా, మూత మీదా, గడ్డిలో చెదిరిన వాళ్ళు ఒక్కొక్కరే అటు తిరిగారు.

లేయిదా బూట్లతోనే గడ్డి మీద కూలబడింది. "పిలుస్తున్నారు," అంది. "ఆమె లోపల లేకపోతే అలా పిలవరు." కాసేపు కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. "పొద్దున్నే మీకు రొట్టె చేస్తాను. ఇప్పుడు నాకు లేచే ఓపిక లేదు."

"నేను చేస్తాను," అంది దంగువోలె, ఇంకా బోర్లా పడుకునే. "వంటిల్లు ఎటుందో చెప్పు చాలు."

పళ్ళెంలో ఇంకా సగం ఉంది. రాపోలస్ దాన్ని మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, వెలుతురు వైపు తిరిగి కూర్చుని, కొత్త గడ్డిపరక తుంచాడు.